పిల్లికి తలంటు

మా వీధిలో అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, ఇది ఎలకల్ని పడుతుందా?" పట్టదండీ. మీ అద్దాల బీరువాలో బొమ్మలు ఏం పని చేస్తాయని నేనెప్పుడైనా అడిగానా?

అది పర్షియన్ పిల్లి. మా అన్నయ్య కూతురు విజయవాడలో హాస్టల్లో చేరుతూ నాకు అప్పగించి వెళ్ళింది. తెల్లటి బొచ్చు, చప్పిడి ముక్కు, ఎప్పుడూ ఎవరి మీదో అలిగినట్టుండే ముఖం. నేను టీచర్ని. పొద్దున్నే స్కూలుకు వెళ్ళే ముందు దాన్ని ఒళ్ళో పెట్టుకుని స్టీలు దువ్వెనతో దువ్వాలి. చెవుల వెనక, చంకల కింద చిక్కులు వేళ్ళతో విడదీయాలి. తడి దూదితో కళ్ళు తుడవాలి. ఒక్కరోజు బద్ధకిస్తే బొచ్చు ఉండలు కట్టేస్తుంది. ఇదంతా చూసి మా ఆయన, "నా చొక్కా గుండీ ఊడి వారమైంది" అంటారు. సూదీ దారం ఎక్కడుంటాయో ఆయనకూ తెలుసు.

ఎండాకాలం రాగానే సలహాలు మొదలయ్యాయి. పాలాయన దగ్గర్నుంచి ఎదురింటి మిల్లు వాళ్ళావిడ దాకా అందరిదీ ఒకటే మాట. "పాపం, ఉడికిపోతోంది. గుండు కొట్టించెయ్యండి." దాన్ని చూసే విజయవాడ డాక్టరుకు ఫోన్ చేసి అడిగాను. ఆ బొచ్చే దానికి ఎండ తగలకుండా కాపాడుతుంది, జోలికి పోవద్దు, చల్లటి గదిలో ఉంచండి చాలు అన్నాడు. కూలర్ పెట్టించాను. డాక్టరు మాట అందరికీ వివరంగా చెప్పాను. చదువుకున్న వాళ్ళు కూడా నవ్వి ఊరుకున్నారు.

ఇక మా అత్తయ్య. మాతోనే ఉంటారు. ఆవిడ లెక్కలో లోకంలోని జబ్బులన్నిటికీ కారణం వేడి చేయడం, మందు మాడు మీద ఆముదం. మా పెళ్ళిచూపులనాడు మా ఆయన తల అంత నిగనిగలాడటానికి కారణం అదేనని తర్వాత తెలిసింది.

ఒకరోజు ఒంటిపూట బడి ముగించుకుని ఇంటికొచ్చాను. పెరట్లో కుళాయి దగ్గర బేసిన్లో పిల్లి. ఎదురుగా పీట మీద అత్తయ్య, మోచేతుల దాకా నురగ.

"వేడి చేసి రొప్పుతోందమ్మాయ్. కరెంటు కూడా పోయింది. నిండా ఆముదం పట్టించి, కుంకుడుకాయ రసంతో తలంటు పోశాను. ప్రార్థన చేసి మరీ రాశాను" అన్నారు.

నా నోటి నుంచి వచ్చిన మాట ఇక్కడ రాయదగింది కాదు.

ఆముదం అంత తేలిగ్గా వదులుతుందా? బొచ్చంతా జిగురై చర్మానికి అతుక్కుపోయింది. కుంకుడు రసం పడి కళ్ళు ఎర్రబడ్డాయి. పిల్లి ఊరుకోదు కదా, ఒళ్ళంతా నాకడం మొదలుపెట్టింది. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు. చీకటి పడేసరికి తల కూడా ఎత్తలేకపోయింది. చచ్చిపోతుందని భయం పట్టుకుంది. ఊళ్ళో పశువుల డాక్టరుగారు సెలైన్ ఎక్కించి, తెల్లారగానే విజయవాడ తీసుకెళ్ళమన్నారు.

బుట్టలో పెట్టుకుని మొదటి బస్సెక్కాను. రమ్మనకపోయినా అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. దారి పొడుగునా నేను ఆవిడతో మాట్లాడలేదు. వెనక సీటాయన తొంగి చూసి, "ఏంటండీ, కుందేలా?" అన్నాడు. ఆయనతోనూ మాట్లాడలేదు.

"ఎవరు రాశారిది?" అన్నాడు డాక్టరు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, "నేనేనండీ, చల్లబడుతుందని" అన్నారు. ఆయన ఫక్కున నవ్వాడు. బల్ల మీద ప్రాణి కొన ఊపిరితో ఉంటే నవ్వడం! అదే నేను రాసుంటే ఎంత గడ్డి పెట్టేవాడో. నూనె వదిలే దారి లేదని చివరికి బొచ్చంతా గొరిగించేశాడు.

బతికింది. నాలుగు రోజులు అక్కడే ఉంచి, ఇంటికి పంపారు. గులాబీ రంగు చర్మం, దాని మీద ఆ పెద్ద తలకాయ. నాకు ఏడుపొచ్చింది. వీధి మాత్రం పండగ చేసుకుంది. "చూశారా మేడమ్, ఇప్పుడు ఎంత హాయిగా ఉందో!" అని ఒక్కొక్కరూ వచ్చి చూసి వెళ్ళారు. తమ మాటే నెగ్గినట్టు.

ఆ రోజే మా ఆయన ముందు అత్తయ్యతో చెప్పేశాను. "ఇక దాన్ని మీరు ముట్టుకోవద్దు." ఆవిడ "అలాగేనమ్మా" అన్నారు. నేను ఆమాత్రం కూడా అనకపోతే మనిషినే కాదు.

మరికొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు. వరండాలో కుర్చీలో అత్తయ్య, ఆవిడ ఒళ్ళో పిల్లి గాఢంగా నిద్రపోతోంది. సిరంజితో నీళ్ళు పట్టించింది నేను. మందులు మింగించి చేతులు రక్కించుకుంది నేను. దీనికి నిద్రపోవడానికి ఆ ఒడే దొరికిందా!

అప్పుడు చూశాను ఆవిడ చేతుల్ని. రెండూ భుజాల దాకా పైకెత్తి పట్టుకుని కూర్చున్నారు. మోచేతులు వణుకుతున్నాయి. ముఖం మీంచి చెమట కారుతున్నా పమిటతో తుడుచుకోవడం లేదు.

"నేను ముట్టుకోలేదమ్మాయ్. అదే వచ్చి ఎక్కింది" అన్నారు.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఎవరి మీదో చెప్పలేను. "ముందు ఆ చేతులు దించండత్తయ్యా!" అని అరిచాను.

ఆవిడ దించలేదు. అరచేతులు రెండూ నా వైపు తిప్పి చూపించారు.

"కడుక్కున్నానమ్మా. నూనె లేదు."