ఆమె సరే అంటేనే పాట

పగలు కట్టడాల్లో షట్టరింగ్ పని, తీరిక దొరికితే జానపదాలు రాయడం. ఖతర్ వచ్చాక నా బతుకు ఈ రెంటి మధ్యే నడిచింది. పాటల్లో మాత్రం ఎప్పుడూ దుబాయ్ అనే రాశాను. మా జగిత్యాల వైపు గల్ఫంతా దుబాయే. ఖతర్ అంటే అదెక్కడ అంటారు.

బాణీ కట్టి, నేనే పాడి, జగిత్యాల స్టూడియోకు పంపాలి. వాళ్ళు వాయిద్యాలు కలిపి, ఎవరైనా గాయనితో పాడించి యూట్యూబ్‌లో పెడతారు. మా లేబర్ క్యాంప్ గదిలో ఆరుగురం, పైగా ఏసీ మోత. అందుకని సెలవు రోజైన శుక్రవారాలు అల్ హిలాల్ పేటకు వెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక ఇంట్లో డ్రైవర్‌గా ఉన్న కడప మిత్రుడు యజమాని కారులో నన్ను కూర్చోబెట్టి అద్దాలు ఎక్కించేవాడు. చెమటలు కారిపోయేవి కానీ గొంతు ఖంగుమనేది.

"యల్లా, బిరీన పాడన్నా. కారు కడగల్ల," అని అరబ్బీ కలిపి తొందరపెట్టేవాడు.

నాకు ఒక్కటే కట్టుబాటు. మా ఆవిడ విని సరే అనందే ఏ పాటా బయటికి పోదు. ఇంట్లో బీడీలు చేసుకుంటూ ఫోన్‌లో వింటుంది.

ఒకసారి, మొగుడు దుబాయ్ పోతే కుమిలిపోయే ఇల్లాలి పాట రాశాను. అన్నం ముట్టదు, జడ వేసుకోదు, పొద్దస్తమానం ఏడుపే. జనం అలాంటివే వింటారు మరి. గాయని కూడా కుదిరింది. ఇక నా దశ తిరిగిందని గాలిలో మేడలు కట్టాను.

మా ఆవిడ విని పకపకా నవ్వింది.

"నేనెన్నడు ఏడ్చిన? ఏడ్సుకుంట కూసుంటే తంబాకు నానదా?"

"మరేం జేస్తవ్?" అన్నాను రోషంగా.

"ఎన్నడన్న అడిగినవా? నీ ఫోన్ పెట్టేసినంక కట్టల ఇరవై అయిదు బీడీలు పెట్టిన్నో, ఇరవై ఆరు పెట్టిన్నో యాదికుండది. మల్ల దారం ఇప్పి సూస్కుంట. గంతే."

ఇన్నేళ్ళూ ఆమె గొంతుతో పాటలు రాశాను. నీకెలా ఉంటుందని ఆమెను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. నిజంగా సిగ్గేసింది.

పాటంతా కొట్టేసి, వారంపాటు డ్యూటీ బస్సులో గొణుక్కుంటూ కొత్తది కట్టాను. కట్టిన దారం విప్పి చూసుకునే ఆడమనిషి పాట. కన్నీటి చుక్క లేదు. ఏడుపు లేకపోతే ఎవరు వింటారని స్టూడియో వాళ్ళు పెదవి విరిచారు. నా బెంగల్లా ఆమె ఒప్పుకుంటుందా లేదా అనే.

విన్నది.

"ఇది ఎవ్వలతోని పాడియ్యకు. నేనే పాడుత."

పెళ్ళిళ్ళలో నలుగురితో గొంతు కలపడమే తప్ప మైకు మొహం ఎరగని మనిషి. వద్దంటే వినే రకమా! బస్సెక్కి స్టూడియోకు పోయి పాడి వచ్చింది.

పాట వచ్చిన రోజు ఏషియన్ టౌన్ బజారులో టీ తాగుతూ డ్రైవర్ మిత్రుడి ఫోన్‌లో విన్నాను. అయిపోయిందో లేదో, నా ఫోన్ మోగింది. ఆమే.

"ఎట్లుంది?"

టీ గ్లాసు కింద పెట్టి మొహం పక్కకు తిప్పుకున్నాను. మిత్రుడు నా చేతిలో ఫోన్ లాక్కుని, "శానా బాగుంది వదినా. మాయన్నే, ఏడుస్తా ఉండాడు," అన్నాడు.