కొల్లాపూర్ హోటల్లో నా ఉత్తరం

తొంభైలలో మాట. గద్వాలలో మగ్గం నేసేవాణ్ణి. ఓ పత్రికలో చిరునామా చూసి కొల్లాపూర్ సత్యంతో కలం స్నేహం మొదలుపెట్టాను. వాళ్ల తోటలో మామిడి పూత రాలినా, మా ఇంట్లో పాప పుట్టినా మూడేళ్లు మొహాలు చూసుకోకుండానే ఉత్తరాల్లో పంచుకున్నాం. మొసలి మీద కూర్చుని కృష్ణ దాటానని కోతలు కోసినా నమ్మేవాడు. ఆ చనువుతోనే ఎవరికీ చెప్పని నిజం ఒకటి రాశాను: దేవుడికి జోడు పంచెలు నేసే దీక్షలో ఉండి ఆమ్లెట్ తిన్నానని.

ఆ వేసవిలో, దేవుడి పంచెలు నేసే మా మగ్గానికి పెద్ద అయిన బావను వెంటబెట్టుకుని సత్యాన్ని చూడబోయాను. బస్టాండు హోటల్లో నా పేరు చెప్పి అతని ఇల్లెక్కడని అడిగాను. యజమాని పకపకా నవ్వాడు.

"దీక్షల ఆమ్లెట్ తిన్నది నువ్వేనా! సత్యం నీ ఉత్తరాలు ఈడనే సదివి ఇనిపిస్తడు. నవ్వలేక సస్తం!"

బావ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏంరా, గిది నిజమేనా?"

"ఉత్త కథ బావా!"

"అయితే మగ్గం మీద ఒట్టెయ్యి."

ఒట్టెయ్యకుండానే చాయ్ డబ్బులిచ్చి లేచాను.

సత్యం గడప తొక్కకుండానే తిరిగొచ్చాం. దేవుడి పంచెల మగ్గాన్ని బావ నన్ను మళ్లీ ముట్టనివ్వలేదు. నా కోతలకు ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు గానీ, నమ్మి చెప్పుకున్న ఒక్క నిజం దగ్గరే మోసపోయాను.