ఏమీ లేని అడవి

సోలార్ పార్కు వచ్చిన మరుసటి ఏడు. పావగడ తాలూకాలో పొలాలు ప్యానెళ్ల కిందికి పోయాక గొర్రెలకు మిగిలింది కొండవార చిట్టడవులే. నిడుగల్లు దగ్గర అలాంటి ప్రభుత్వ అడవి ఒకదాన్ని ప్రైవేటు వ్యక్తికి అమ్మే ప్రతిపాదన వచ్చింది. సర్వేయర్‌నైన నన్ను మహజరుకు పంపారు. మహజరంటే చోటుకు వెళ్లి చూసి, అక్కడివాళ్లు చెప్పింది రాసి, వాళ్ల సంతకాలు తీసుకోవడం.

అడవి అంచున కాపరి హనుమంతరాయప్ప మందతో ఎదురయ్యాడు.

"ఏం మామా, లోపల ఏముండాది?" అన్నాను.

"ఏముంటాది సార్? రాళ్లు, ముళ్లు. మీ ఆఫీసులో ఉన్నంత నీడ గూడా లేదు."

"మరి గొర్రెల్ని యాడ మేపుతావు?"

"యాడా లేదప్పా. గాలి మేస్తాండాయి."

ఆయన వెనక గొర్రెల కడుపులు నిండుగా ఉన్నాయి. నవ్వుకున్నాను. 'ఉపయోగం లేని భూమి' అని రాసి వేలిముద్ర వేయించుకున్నాను. అమ్మకం మాట ఆయనకు చెప్పలేదు.

మాదీ కాపర్ల ఇల్లే. మేత బాగున్న చోటును అడిగితే ఏమీ లేదనడం మా అలవాటు. ఉందని నోరు జారితే పక్క ఊరి మందలు వచ్చి పడతాయి. ఆయన లేదన్నదానికి అర్థం నాకు తెలుసు. అయినా అన్న మాటే రాశాను. పని ఆ పూటకే తేలిపోయింది.

అడవి అమ్ముడుపోయింది, కంచె పడింది. ఆ వేసవిలోనే హనుమంతరాయప్ప మందను అమ్మేసి పార్కులో ప్యానెళ్లు కడిగే పనికి కుదిరాడు. "సొంత నోటితోనే అడివిని పోగొట్టినాడు" అని ఊరు ఆయన్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. పోగొట్టింది నేను రాసిన ముక్క. ఆ సంగతి ఊరికి తెలియాలనే ఇది రాస్తున్నాను.

ప్రభుత్వ అడవులు అమ్మితే బాగుపడతాయనేవాళ్లున్నారు. ఒకటి ఒప్పుకోవాలి. కొన్న మనిషి చెట్లు కొట్టలేదు, కొత్తవి నాటాడు. అడవి మునుపటికంటే పచ్చగా ఉంది. కానీ అమ్మాలంటే ముందు అది ఎవరికీ అక్కరలేదని ఎవరో ఒకరు రాయాలి. ఆ రాత ఎంత తేలికో నాకు తెలుసు కనుక అమ్మకూడదంటాను.

మొన్న కంచె పక్కన ఆయన కనబడితే మళ్లీ అడిగాను.

"లోపల ఏముండాది మామా?"

"అన్నీ ఉండాయి సార్. మోకాలెత్తు గడ్డి, తుమ్మకాయలు, చెలమలో నీళ్లు." గేటుకున్న తాళం వైపు చూశాడు. "ఇంక దాచిపెట్టి ఏం జేసుకోవాల?"