జీడిమరక ఉన్న పూజ అంగీ

ఈ ఉదయం బీరువా తలుపు తీయగానే సాంబ్రాణి, కలరా ఉండలు, ఎలుకల కంపు కలిసి ముఖాన కొట్టాయి. పోయిన వారం మా ఊరి గుడి నుంచి తెచ్చుకున్న, ఫాదర్‌గారు పూజకి తొడుక్కునే ఎర్రపట్టు అంగీ కింది అరలో ఉంది. దాన్ని చూస్తే నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

వజ్రపుకొత్తూరు దాటాక జీడితోటల నడుమ మా క్రైస్తవుల ఇళ్ళు పట్టుమని పది ఉండేవి కావు. ఆదివారం ఉదయం పలాస నుంచి మోటారుసైకిలు మీద ఫాదర్‌గారు దుమ్ము కొట్టుకుంటూ వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. పూజ బట్టలు ఉతికి, కొబ్బరిచిప్పల బొగ్గులు పోసిన ఇస్త్రీపెట్టెతో మడత నలగకుండా రుద్దే పని మా నాయనమ్మది. పూజలో ద్రాక్షారసం పోసే పాత్ర తుడిచిన చిన్న తెల్లగుడ్డలు తడిపిన మొదటి నీళ్ళు కాలవలో పోయకూడదు, వాటిలో క్రీస్తు రక్తం ఉంటుంది కదా, అందుకని పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పోసేది. ఆ చెట్టు బొండాలు అందుకే అంత తియ్యనని నేను గట్టిగా నమ్మేదాన్ని.

ఒక్కో బట్టా మడతపెడుతూ నాకు పాఠం చెప్పేది. తెల్లంగీ జ్ఞానస్నానం నాటి శుభ్రమట, నడుముతాడు నిగ్రహమట, మెడలో వేసుకునే పొడుగు పట్టీ దేవుడి పనికి కట్టిన ఎద్దు మెడ మీది కాడి అట. ఎరుపు, దేవుడి కోసం చచ్చిపోయినవాళ్ళ రక్తం. ఇక అన్నిటి మీదా వేసుకునే వెడల్పాటి అంగీ ప్రేమ. "అన్నిటినీ కప్పేత్తాది గుంటా, అందుకే అది పైన" అనేది.

తన పెళ్ళినాటి ఎర్రపట్టు చీరను తాత పోయాక నాయనమ్మ మళ్ళీ కట్టలేదు. ఏటా క్రిస్మస్ ముందు ట్రంకుపెట్టె తెరిచి, దాన్ని ఎండలో ఆరేసి, నా భుజం మీద ఓసారి కప్పి చూసేది. "నీ పెల్లికి ఇదే కడతావు. ఇంకెవులికీ ఇవ్వను" అనేది. నేనేమీ అడగలేదు, ఆ మాట తనే ఇచ్చింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఎర్రంగీతోనే పూజ చెయ్యాల్సిన మట్టలాదివారం దగ్గర పడుతుండగా, గుడిలో ఉన్న ఒక్క ఎర్రంగీ చిరిగిపోయిందని ఫాదర్‌గారు పూజలోనే చెప్పారు. నాయనమ్మ లేచి నిలబడి "నా పట్టుసీర ఉంది బాబూ" అంది. చాప మీద కూర్చున్న నావైపు ఒక్కసారైనా చూడలేదు. "ఈ గుడి ఉన్నన్నాళ్ళూ దీన్ని కళ్ళకద్దుకుంటామమ్మా" అన్నారాయన, అందరూ వింటుండగా.

జీడిపళ్ళ కాలమది. ఆ మధ్యాహ్నం తోటలో రాలిన ఎర్రటి పండొకటి కొరికి, రసం కారుతున్న అరచేతిని తీసుకెళ్ళి మడతపెట్టిన చీర మీద అదిమాను. పొరపాటున కాదు, తెలిసే అదిమాను.

"ఓలమ్మా, ఏటి సేసేవే గుంటా! జీడిమరక బట్టతోనే పోద్ది!"

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. మరక మీద చెయ్యి పెట్టి, "దీన్ని గుండెకాడ లోపలికి మడిసి కుట్టేత్తాను. ఎవులికీ అగుపడదు" అంది.

"మరి నాకిచ్చిన మాటేటి?" అన్నాను.

"దేవుడికిచ్చినాక నీదేటి, నాదేటి!"

అంతే, కత్తెర పడింది. ఆ ఆదివారం అందరం కొబ్బరి మట్టలు పట్టుకుని ఊరేగింపుగా నడుస్తుంటే ముందు ఫాదర్‌గారి ఒంటి మీద ఆ జరీ అంచు ఎండకు తళతళలాడింది. ఇంటికొచ్చాక పచ్చిజీడిపప్పు కూర వండి పెట్టినా కంచం పక్కకి నెట్టేశాను. అయినా ఊరేగింపులో పక్క పిల్ల చెవిలో 'అది మా చీరే' అని చెప్పుకున్నాను, సిగ్గులేకుండా. నా పెళ్ళికి టెక్కలిలో కొన్న చీర కట్టుకున్నాను, అది రెండు ఉతుకులకే వెలిసిపోయింది.

పోయిన వారం ఊరెళ్ళాను. గుడికి ఇప్పుడు స్లాబు, టైల్సు, మనిషెత్తు స్పీకర్లు. మిషను కుట్టు తళుకుల అంగీలు అద్దాల బీరువాలో వేలాడుతున్నాయి. మా ఎర్రపట్టు స్పీకరు పెట్టె మీద దుమ్ముగుడ్డగా పరిచి ఉంది, దాని మీద ఎవరో తాగి పెట్టిన టీ గ్లాసు. అస్తరు చిరిగి, లోపలి మడతలో చిన్న అరచేయంత గోధుమరంగు మరక కనబడుతోంది.

"పాతదమ్మా, ఎవరిదో తెలీదు. కావాలంటే పట్టుకెళ్ళండి" అన్నారు కొత్త ఫాదర్‌గారు, నవ్వుతూనే.

ఎవరిదో తెలీదట! నాకిస్తానన్నదాన్ని దేవుడి పేరు చెప్పి తీసుకున్నారు. ఎందుకూ పనికిరాదని తేలాక నా చేతిలో పెట్టారు.

దీవించిన బట్ట పాతదైతే కాల్చి, బూడిద ఆ కొబ్బరిచెట్టు మొదట్లో కలపాలనేది నాయనమ్మ. ఆ చెట్టు తుపానుకు పోయింది. పాత్ర తుడిచిన గుడ్డల నీళ్ళిప్పుడు ఎక్కడ పారబోస్తున్నారో, నేను అడగలేదు.

నాయనమ్మా, నువ్వు నాకిచ్చిన మాట తప్పావు. గుడి నీకిచ్చిన మాట తప్పింది. ఇక దీన్ని కాల్చమంటే మాత్రం నేను వినను. నీదేటి నాదేటి అన్నావు కదా. ఇది నాదే.