పెనుకొండలో దిగిపోయిన నా ప్రత్యర్థి

ఆ రోజుల్లో దేశంకంటే దాన్ని గురించిన వాదనలే వేగంగా పెరిగేవి. రాజ్యాంగం వచ్చి పదేళ్లు దాటినా, తానైతే ఇంకొంచెం బాగా రాసేవాణ్నని నమ్మేవాడు ధర్మవరంలో ప్రతి కాఫీ హోటల్లోనూ ఒకడుండేవాడు. కొత్తగా టీచరునైన నాకూ ఆ జబ్బు అంటుకుంది. గ్రంథాలయం వార్షికోత్సవంలో ‘చదువురానివారికి ఓటు తగునా?’ అని చర్చ పెడితే, ‘తగదు’ అనే పక్షాన్ని కోరి మరీ తీసుకున్నాను. ‘తగును’ అనడానికి హిందూపురం నుంచి ఒక పేరుమోసిన వకీలు రావాలి. నన్ను పెంచి చదివించిన మా అవ్వను ముందు వరసలో కూర్చోబెట్టాను. (ఆమెకు వేలిముద్రే గాని సంతకం రాదన్న సంగతి ఆ ఉత్సాహంలో నాకు తట్టనే లేదు.)

అరగంట దంచాను. “మగ్గం రానివాడికి పట్టుచీర అప్పగిస్తామా? అక్షరం రానివాడికి రాజ్యం అప్పగిస్తామా?” అని గర్జించాను. మగ్గం అన్న మాట వినగానే నేతవాళ్లు చప్పట్లు కొట్టారు. అవ్వ కొట్టలేదు. నేను దిగొచ్చి పక్కన కూర్చోగానే, “నాకు ఓటొద్దని చెప్పేదానికా మేయ్, నన్ను ఈడికి పిల్చుకొచ్చినావు?” అంది. గొంతు చిన్నదే గాని, నా ముఖం కాలినట్లయింది.

అంతలో అధ్యక్షస్థానంలో ఉన్న పంచాయతీ సమితి ప్రెసిడెంటు (ఎలాగో సంతకం మటుకు నేర్చుకున్న పెద్దమనిషి) లేచాడు. “ఏమ్మా టీచరమ్మా, వకీలయప్ప పెనుకొండలో కాఫీకి దిగితే రైలు ఎళ్లిపాయనంట. ఇంతమంది వచ్చిండారు. ఆ పక్క మాటలు గూడా నువ్వే చెప్పు. చదువుకున్నదానివి, నీకేం కష్టం?”

ఈసారి చేతిలో కాగితం లేదు. తోచింది అవ్వ ఒక్కతే. తాత పోయాక మగ్గం నడిపిన మనిషి. ఏ షావుకారును నమ్మాలో ముఖం చూసి తేల్చే మనిషి. నన్ను బడికి పంపాలా వద్దా అని పెద్దలు వాదించుకుంటుంటే, పోయి పలక కొనుక్కొచ్చిన మనిషి. “ఈమెకు ఓటు తగదనడానికి ఇందాకటి ఆ అమ్మాయి ఎవరు?” అని నన్ను నేనే నిలదీశాను. హాలు అదిరిపోయింది.

“రెండో పక్కే గెలిచింది,” అన్నాడు ప్రెసిడెంటు. “ఇంకోటి గూడా తెలిసొచ్చింది. చదువుకున్నోళ్లు ఏ పక్కకైనా మాట్లాడతారు. కాబట్టి ఓటు మా దగ్గర గూడా ఉండాల్సిందే!”

గెలిచిన పక్షం వకీలుది కాబట్టి బహుమతిగా పెట్టిన పట్టుశాలువా మర్నాడే హిందూపురం వెళ్లింది. తన వాదనను ఆదరించిన ధర్మవరం ప్రజలకు ఆయన వినయంగా ఉత్తరం కూడా రాశాడు. గ్రంథాలయం కార్యదర్శిని నిలదీస్తే, “మీరు ఓడిపోయినారు గదమ్మా!” అన్నాడు.

“పోతే పోనీలే,” అంది అవ్వ. “ముందు మాట్లాడింది ఎవురో నాకు తెలీదు. తర్వాత మాట్లాడింది మా పిల్ల.”

ఆ తర్వాతి ఎన్నికల్లో అవ్వ ఓటేసి చిటికెలో బయటికొచ్చింది. నేనే లోపల నిలబడిపోయాను. రెండు వైపుల వాదనలూ చక్కగా తోచాయి మరి. ఇన్నేళ్లకూ అదే వరస. వెనకనుంచి ఎవరో “బిన్నా కానీమ్మా” అని తొందరపెడితే తప్ప, ఇంత చదువుకున్న నా చెయ్యి కదలదు.