తుంగ ఆగిన చోటు

నంద్యాలలో రెండేళ్లు బైబిలు వాక్యం చదువుకుని, ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెకు ఉపదేశిగా వెళ్లినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. అక్కడి సంఘానికి సమాధులకు చోటు లేదు. ఆ వేసవిలో ఊరి రైతు ఒకాయన కనికరించి తన భూమిలో రెండు ముక్కలు చూపించాడు. ఒకటి చెరువు అంచున, మెత్తటి రేగడి. రెండోది మిట్టన, గరుసు నేల. ఏదో ఒకటి తీసుకోమన్నాడు.

ఇలాంటివి తేల్చుకోవడానికి మా సంఘంలో ఉపవాసముండి చీట్లు వేసేవారు. అపొస్తలులూ అలాగే చేశారని బోధించినవాణ్ణి నేనే. ఆదివారం చీటీ తీసిందీ నేనే. చెరువు ముక్క వచ్చింది. అందరూ సంతోషించారు. గరుసులో గుంత తవ్వడం ఎవరికిష్టం?

మంగళవారం సంఘపెద్ద ఇంటికి వెళ్లాను. ఆయన తల్లి మంచం పట్టి నెల అయింది. ఆ చోటుకు మొదట వెళ్లేది తానేనని ఆమెకు తెలుసు. బతుకంతా చెరువులో తుంగ కోసి చాపలల్లిన మనిషి.

“అయ్యా, నన్ను తుంగలో పెడతాండారంట గదా,” అంది.

“తుంగ లేదవ్వా. నేలంతా ఎండి నెర్రెలు విచ్చింది.”

“పైన మాడిపోతాది. అడుగున గడ్డలుంటాయి. నీళ్లున్నప్పుడు నువ్వు చూసినావా ఏంది?” ఆయాసపడి ఆగింది. “యాబై ఏండ్లు మోకాటి లోతు నీళ్లల్లో నిలబడితి. సచ్చినాంకయినా ఆరనీరా?”

చీటీని అనుమానిస్తే దేవుణ్ణి అనుమానించినట్టే. అనుమానించకపోతే ఆమెను నీళ్లలో పెట్టినవాణ్ణవుతాను. పైగా మాట మారిస్తే రైతుకు కోపమొచ్చి రెండు ముక్కలూ పోవచ్చు.

మరునాడు పొద్దున్నే గడ్డపార తీసుకుని వెళ్లాను. నెర్రెల్లో వేలు పెట్టి లాగితే నల్లటి తుంగగడ్డలు వచ్చాయి, నత్తగుల్లలు వచ్చాయి. మూరెడు తవ్వేసరికి మట్టి నలుపు పోయి బూడిద రంగుకు తిరిగింది. చచ్చిన వేళ్ల వెంబడి తుప్పు రంగు గీతలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు వాసన. అక్కడక్కడా తవ్వుకుంటూ మిట్టవైపు నడిచాను. తుంగగడ్డ ఆగి గరిక వేరు తగిలిన చోటల్లా, నీళ్ల హద్దు అదేనని, ఒక కంపపుల్ల గుచ్చాను. ఆ పుల్లల వరస చెరువువైపు జరగాలని ప్రార్థిస్తూనే ఉన్నాను. జరగలేదు. వెనక్కి తిరిగి చూస్తే, మాకు వచ్చిన ముక్కంతా పుల్లలకు ఆవల, చెరువులోనే ఉంది.

సంఘపెద్దను పిలుచుకొచ్చి చూపించాను.

“ఆదివారం దేవుడు చెప్పినాడంటిరి,” అన్నాడాయన. “ఈ దినం గడ్డి చెప్తాందంటాండారు. రేపు కప్ప చెప్పిందంటారేమో!”

“చీట్లు వేసే ముందు నేల చూడలేదన్నా. తప్పు నాది.”

“మీరు చూడల్యా, సరే. దేవునికి గూడా తెల్దా, అది చెరువని?”

మిట్ట మీది మట్టి గుప్పెడు తీసుకెళ్లి అవ్వ చేతిలో పోశాను. వేళ్లతో నలిపింది, వాసన చూసింది, పిడికిలి మూసుకుంది. కొడుకు వైపు తిరిగి, “రేయ్, గరుసు తవ్వను బద్దకమయితే ఇప్పుడే చెప్పు,” అంది.

ఆయన రైతు దగ్గరికి నడిచాడు. వెనకాలే నేను.

“ఆ గరుసా?” అన్నాడు రైతు. “ఆడ ఆముదం గూడా మొలవదు గదప్పా. తీసుకోండి.”

వానలు పట్టాక అవ్వ కన్నుమూసింది. నలుగురు గడ్డపారలతో పొద్దంతా తవ్వారు. గుంత అడుగు దాకా పొడిగానే ఉంది. ప్రార్థన ముగిశాక సంఘపెద్ద చెరువువైపు దిగిపోయాడు. భయపడుతూ వెంట వెళ్లాను. నీళ్లు చాలా పుల్లలను తాకుతున్నాయి. రెండు మూడు మునిగి, నా గీత అక్కడ తప్పిందని చూపిస్తున్నాయి. ఆవల తుంగ పచ్చగా లేచి ఉంది.

ఆయన ఒక కాడ తెంపి, గోటితో నిలువునా చీల్చాడు.

“ఇంగోసారి చీట్లేసే ముందు నన్ను గూడా పిలువు,” అన్నాడు. “ఇద్దరం నడుద్దాం.”