బరువు, తేలిక పాఠం

ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ అయ్యాక నేను ప్రైమరీ టీచర్ ట్రైనింగ్‌లో చేరాను. టాటానగర్ స్టేషన్‌లో సిగ్నల్ పని చేసే మా నాన్న, తోటివాళ్ళు అడిగితే, మా అమ్మాయి పైదాకా చదివి మళ్ళీ కిందనుంచి మొదలెట్టిందని చెప్పేవాడట. వాళ్ళు ఓదార్చేవారట.

ట్రైనింగ్‌లో ముందుగా థర్మోకోల్ కొయ్యడం నేర్పారు. తరవాత చార్టుల మీద గుండ్రంగా రాయడం. నా అక్షరాలు గుండ్రంగా లేవని లెక్చరర్ మేడమ్ చెప్పారు. బొమ్మలూ అంతేనన్నారు.

ప్రాక్టీస్ టీచింగ్‌కి పర్సుడీహ్‌లో ఒక బడికి పంపారు. ఒకటో తరగతి. పాఠం, ఏది బరువు, ఏది తేలిక. ఎమ్మెస్సీలో దీని మీద చాలానే చదివాను కాబట్టి ధైర్యంగా వెళ్ళాను. ఇటుక ఒకటి, కోడి ఈక ఒకటి పట్టుకెళ్ళాను. మేడమ్ తరగతి చివర్న పిల్లల బెంచీ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు.

హిందీలో మొదలుపెట్టాను. పిల్లలు ఇటుక ఎత్తి చూశారు, ఈక ఊది చూశారు. బాగానే సాగుతోందనుకుంటుండగా ఒక పాప లేచి, సంచీ తగిలించుకుని, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ వారమే బళ్ళో చేరిన పిల్ల. ఏడవలేదు, పరిగెత్తలేదు. డ్యూటీ అయిపోయిన మనిషిలా నడిచి వెళ్ళింది.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో నా లెసన్ ప్లాన్‌లో లేదు. మేడమ్ వైపు చూస్తే ఆవిడ గుమ్మం వైపు చూపించారు. పాప వెనకాలే పరుగెత్తాను. ఇటుక నా చేతిలోనే ఉందని రోడ్డు దాటాక తెలిసింది.

పాప ఇల్లు బజారు వెనక సందులో. వాకిట్లో వాళ్ళ నానమ్మ చింతపండు గింజలు తీస్తోంది. మనవరాల్ని చూసింది, తరవాత ఇటుక పట్టుకున్న నన్ను చూసింది. ఆవిడెవరని తెలుగులో అడిగింది.

“బళ్ళో ఆవిడ. ఏటి సెప్తందో నాకు తెల్దు,” అంది పాప.

నానమ్మ నాకేసి తిరిగి, పిల్ల శ్రీకాకుళం నుంచి కొత్తగా వచ్చిందని, హిందీ రాదని, వచ్చీరాని హిందీలో నచ్చచెప్పబోయింది.

“నాకు తెలుగొచ్చు,” అన్నాను.

ఆవిడ గింజ తీయడం ఆపింది. “మరయితే ఆ ముక్క దానికి సెప్పకపోయావా, అమ్మా?”

ఇంట్లో నాన్న తెలుగులో అడిగితే నేను హిందీలో చెప్తాను. తెలుగు వినడానికే అనుకున్నాను తప్ప, దానితో ఒక పని చెయ్యవచ్చని నాకు ఎన్నడూ తోచలేదు.

పాప వెనక్కి రావడానికి ఒప్పుకుంది. దారిలో ఇటుక ఎందుకని అడిగింది. ఇది బరువు అన్నాను. ఈక సంగతి వచ్చేసరికి మాట తట్టలేదు. బరువు కానిది అన్నాను. పాప ఆక్షేపించలేదు.

మేం వెళ్ళేసరికి మేడమ్ పిల్లల మధ్య నిలబడి ఈక ఊదుతున్నారు. పాఠం పూర్తికాలేదు కాబట్టి మార్కులు తగ్గిస్తున్నానని చెప్పి, పాపను ఎలా తెచ్చావని అడిగారు. చెప్పాను. రేపటినుంచి ఆ పిల్లకు రెండు భాషల్లోనూ చెప్పమన్నారు.

ఆ సాయంత్రం ‘హల్కా’ని తెలుగులో ఏమంటారని నాన్నని అడిగాను. తేలిక అని చెప్పి, “నీకు ఎమ్మెస్సీలో ఇవేటీ సెప్పనేదా?” అన్నాడు. తరవాత రేపు ఏ పాఠమని అడిగాడు. లోపల, బయట అన్నాను. నాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ప్రాక్టీస్ అయ్యేదాకా డ్యూటీ నుంచి వచ్చి చొక్కా అయినా విప్పకుండా మర్నాటి పాఠం అడిగేవాడు. ట్రైనింగ్ గురించి తోటివాళ్ళతో ఏం చెప్తున్నాడో నేను మళ్ళీ వినలేదు.

పాప మళ్ళీ లేచి వెళ్ళిపోలేదు. కొన్నాళ్ళకి పక్క పిల్లతో హిందీలో దెబ్బలాడటం మొదలుపెట్టింది. మేడమ్ దాన్ని ప్రగతిగా లెక్కించారు.

ఇప్పుడు నేను గమ్హరియా వైపు ఒక బళ్ళో పనిచేస్తున్నాను. ఒకటో తరగతే. మొదటి వారం పాఠం చెప్పను; ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అందర్నీ అడుగుతాను. సగం మంది సంతాలీ అంటారు. అది నాకు రాదు. వాళ్ళే నేర్పుతున్నారు. నాకు త్వరగా ఎక్కదని వాళ్ళ అభిప్రాయం.